ప్రోస్టేటు గ్రంథియందలి ఆమ్ల ఫాస్ఫటేజు

కాల్హేరు మరమగ్గముల నడుమ బ్రదుకు మన తెలుగువారిలో వయసు మళ్ళిన పురుషులు మూత్రబాధను బయటికి చెప్పుకొనరు. నడుమునొప్పి వచ్చినచో మగ్గముపై నెపము పెట్టుదురు. నా విద్యార్థి యొకని తాతగారును అట్లే చేసిరి. అది ఎముకలకు ప్రాకిన ప్రోస్టేటు రాచపుండని తెలియునప్పటికి కాలము మించెను. ఈ వ్యాసమునకు అదియే కారణము.

ప్రోస్టేటు మూత్రాశయము క్రింద మూత్రనాళమును చుట్టియుండు చిన్న గ్రంథి. ఇందు ఆమ్ల ఫాస్ఫటేజను ఎంజైము మిక్కిలి హెచ్చుగా నుండునని 1935లో కుట్షర్, వోల్బెర్గ్స్ అను శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ఆమ్ల ద్రవములో ఇది కొన్ని సమ్మేళనములను ఛేదించి ఫాస్ఫేటును విడదీయును. విడివడిన ఫాస్ఫేటు నిర్ణీతకాలమున ఎంతయో కొలిచినచో ఎంజైము చురుకుదనము తెలియును.

అట్టి ఫాస్ఫేటును కొలుచు ప్రసిద్ధ మార్గమొకటి మనవానిది. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డులో ఫిస్కేతో కూడి 1925లో దానిని ప్రకటించిరి. ఫాస్ఫేటునకు మాలిబ్డేటును చేర్చి క్షయకరణము చేసిన నీలివన్నె వచ్చును. తెలిసిన వన్నెతో దానిని పోల్చి పరిమాణము నిర్ణయింతురు. అద్దకము నెరిగిన కుటుంబములకు ఇంతకంటె వివరింప నక్కరలేదు. సుబ్బారావుగారు దీనిని రాచపుండు కొరకై కల్పింపలేదనుటయు న్యాయమే.

ఇక చిత్రమైన విషయము. గ్రాముకు గ్రాము తూచి చూచిన, రాచపుండు సోకిన ధాతువున ఈ ఎంజైము చురుకుదనము ఆరోగ్యధాతువున కంటె సాధారణముగ తక్కువ. అయినను వ్యాధి వ్యాపించినపుడు రక్తమున అది హెచ్చును! ఏలయన, ఆరోగ్యముగల గ్రంథి తన ఎంజైమును నాళముల ద్వారా శుక్రద్రవమున విడుచును. చెదరిన రోగకణములకు ఆ దారి లేదు, కావున అది రక్తమున చేరును. ఎముకలకు ప్రాకిన రోగులలో ఈ హెచ్చును గట్మన్ దంపతులు 1938లో చూపిరి. వృషణములను తొలగించినను, స్త్రీ హార్మోనునిచ్చినను అది తగ్గునని హగ్గిన్స్, హాడ్జెస్ 1941లో నిరూపించిరి. హగ్గిన్స్‌కు 1966లో నోబెల్ బహుమానము లభించెను.

వ్యాధి ప్రాకిన పిమ్మటనే తరచుగ హెచ్చుటచే ఈ పరీక్ష తొలిదశను పట్టజాలదు. 1980ల నుండి దీని స్థానమును పి.ఎస్.ఎ. పరీక్ష ఆక్రమించెను. అదియు ప్రోస్టేటు ఎంజైమే. మాంసకృత్తులను త్రుంచి శుక్రద్రవమును పలుచజేయును. కాని రాచపుండు కాని వాపునను, చీము పట్టినపుడును అది పెరుగును. కనుక అంకె పెరిగినంతనే రోగనిశ్చయము కాదు. గ్రంథి నుండి తీసిన ముక్కను సూక్ష్మదర్శినితో చూడవలెను. రాత్రి పలుమారులు లేచు వృద్ధులలో అనేకులకు ఉండునది ప్రమాదము లేని గ్రంథివృద్ధియే. రెంటిని వేరుచేయవలసినవాడు వైద్యుడు, మగ్గము కాదు.