ఒక సమస్య ఇవ్వండి చాలు

మనసు బాగా లేనప్పుడు ఏదైనా రాయండి, గీయండి అని ఇప్పుడు డాక్టర్లూ చెబుతున్నారు, ఫోన్లలో యాప్‌లూ చెబుతున్నాయి. ఏం రాయాలో తోచకపోతే రోజుకొక ప్రశ్న పంపుతాయి కూడా: చిన్నప్పటి ఇంటి వాసన గురించి నాలుగు వాక్యాలు, మీ కోపానికి ఒక రంగు, అలాంటివి. కృష్ణ ఒడ్డున ఆత్మకూరు, అమరచింత, గద్వాల, వనపర్తి దిక్కున ఈ ఆట ఎప్పటి నుంచో ఉంది. కాకపోతే అక్కడ ప్రశ్న పంపేది యాప్ కాదు, అవధానంలో ఎదురుగా కూర్చుని అడిగే పృచ్ఛకుడు.

పేరు ఒక ఊరిది, గద్దె ఇంకో ఊరిది

అమరచింత సంస్థానానికి పేరిచ్చింది అమరచింతే అయినా రాజధాని మాత్రం ఆత్మకూరు. ఏలింది ముక్కెర వంశం. పక్కనే గద్వాల, వనపర్తి, ఇంకాస్త అవతల కొల్లాపురంలో జటప్రోలు సంస్థానం ఉండేవి. నిజాం కింద ఉన్న ఈ చిన్న కొలువులన్నింటికీ పండితులను పిలిపించి సన్మానించడం గొప్ప సరదా. విద్వద్గద్వాల అని పేరు వచ్చింది అందుకే. తిరుపతి వేంకట కవులు గద్వాల, ఆత్మకూరు, వనపర్తి కొలువులకు వచ్చారు. ఈ జంటలోని దివాకర్ల తిరుపతి శాస్త్రి, చెళ్లపిళ్ల వేంకట శాస్త్రి రాజుల దగ్గర చెప్పిన పద్యాలు తర్వాత ‘నానారాజ సందర్శనము’ అనే పుస్తకమయ్యాయి. బ్రాహ్మణ పండితులకు ఆ మీసాలేమిటని అడిగితే, తమను ఓడించిన కవి ఉంటే అవి తీసేస్తామని పద్యంలోనే సవాలు విసిరిన జంట ఇది. మనసు కుదుట పరచుకోవడానికి వీళ్లను ఆదర్శంగా తీసుకోమని మాత్రం నేను చెప్పను. కొలువులో అవధానం పరువుతో కూడిన పని. నలుగురి ముందు తప్పితే నవ్వులపాలే.

కానీ ఆ పరువు సంగతి తీసేసి ఆటను మాత్రం చూడండి.

ఎనిమిది మంది అడ్డు తగిలితే

అష్టావధానంలో ఎనిమిది మంది చుట్టూ కూర్చుంటారు. ఒకరు సమస్య ఇస్తారు. అంటే పద్యం చివరి పాదం వాళ్లే చెప్పేస్తారు, అదీ వినగానే ‘ఛీ, ఇదేం మాట’ అనిపించేలా. పై మూడు పాదాలు కట్టి ఆ చెడ్డమాటను మంచిమాటగా తేల్చాలి. దత్తపదిలో నాలుగు మాటలు ఇస్తారు. పొంతన లేనివి అయితే మరీ సంతోషం. పాదానికి ఒకటి చొప్పున ఇరికించాలి, అదీ వాటి మామూలు అర్థంలో కాకుండా ఉంటే మెచ్చుకోలు. నిషిద్ధాక్షరి ఇంకా దుర్మార్గం: అవధాని ఒక అక్షరం పలకగానే, తర్వాత ఏ అక్షరం రాబోతోందో పృచ్ఛకుడు ఊహించి దాన్ని వద్దంటాడు. వ్యస్తాక్షరిలో ఒక వాక్యాన్ని ముక్కలు చేసి, వరుస తప్పించి, మధ్య మధ్యలో అక్షరాలు అందిస్తారు. ఇంకొకాయన గంట కొడుతుంటాడు, ఎన్నిసార్లు కొట్టాడో లెక్క తప్పకూడదు. అప్రస్తుత ప్రసంగం చేసే ఆయన పని పూర్తిగా చెడగొట్టడమే. పద్యం పాకాన పడుతుండగా ‘అవునుగానీ అవధానిగారూ, మీ ఇంట్లో ఇవాళ కూరేమిటి?’ అంటాడు. దానికీ చమత్కారంగా జవాబు చెప్పి మళ్లీ పద్యంలోకి రావాలి. ఒక విడతకు ఒక్కో పాదమే, అలా నాలుగు విడతలు. చివర ధారణ: అన్ని పద్యాలూ వరసగా అప్పజెప్పాలి.

ఇంతమంది అడ్డుపడుతుంటే పద్యం ఎలా పుడుతుందని ఆశ్చర్యపోతాం. నా లెక్కలో అడ్డుపడుతున్నారు కనుకే పుడుతుంది. ‘దేని గురించైనా రాయండి’ అంటే చేయి కదలదు. ‘ఈ నాలుగు మాటలతో రాయండి’ అంటే మనసు అప్పుడే ఆ మాటల చుట్టూ తిరగడం మొదలుపెడుతుంది. తన బాధ చుట్టూ తిరగడం కాసేపు మానేస్తుంది.

‘అమ్మ’ అనడానికి వీల్లేని కావ్యం

నిరోష్ఠ్యం అని ఒక కట్టుబాటు ఉంది. పెదవులు కలిసే అక్షరాలు వాడకూడదు: ప, ఫ, బ, భ, మ నిషిద్ధం. సంస్కృతంలో దండి ‘దశకుమార చరిత్ర’లో ఒక కథ మొత్తం ఇలాగే నడుస్తుంది. దానికి ఆయన చెప్పిన సాకు రసవత్తరమైనది: కథ చెప్పే మంత్రగుప్తుడి పెదవిని ప్రియురాలు కొరికింది, నొప్పికి పెదాలు కలపలేకపోతున్నాడు! తెలుగులో మరింగంటి సింగరాచార్యులు ‘దశరథరాజనందన చరిత్ర’ను నిరోష్ఠ్యంగా రాశాడు. ఫ్రాన్సులో జార్జ్ పెరెక్ తన భాషలో అన్నిటికంటే ఎక్కువగా వచ్చే ‘e’ అనే అక్షరం ఒక్కసారి కూడా రాకుండా 1969లో ఏకంగా నవలే అచ్చు వేశాడు. నిరోష్ఠ్య నియమంలో అమరచింత పేరు కూడా రాయలేం, మధ్యలో ‘మ’ ఉంది.

చుక్కలు ముందు, మనసు తర్వాత

2005లో అమెరికాలో కరీ, కాసర్ అనే ఇద్దరు పరిశోధకులు 84 మంది విద్యార్థులకు ముందు కొంచెం ఆందోళన కలిగించి, తర్వాత రంగులు చేతికిచ్చారు. కొందరికి మండలం బొమ్మ, కొందరికి గళ్ల బొమ్మ, కొందరికి ఉత్త తెల్లకాగితం. మండలానికి, గళ్లకు రంగులు వేసినవాళ్ల ఆందోళన బాగా తగ్గింది. తెల్లకాగితం దొరికినవాళ్లకు అంత తగ్గలేదు. స్వేచ్ఛ ఇస్తే హాయిగా ఉంటుందనుకుంటాం గానీ, మనసు చెదిరి ఉన్నప్పుడు పూర్తి స్వేచ్ఛ కూడా ఒక బరువే.

మన వాకిట్లో చుక్కలు చేసే పని ఇదే. పొద్దున లేచి, ఊడ్చి, సానుపు చల్లి, ముందు చుక్కలు పెడతారు. ఆ తర్వాత చేతికి దారి దొరుకుతుంది, మెలిక ముగ్గయితే మరీను. ఈ ముగ్గుల వెనక లెక్క ఉందని పట్టుకున్నది మద్రాసు క్రిస్టియన్ కాలేజీకి చెందిన గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, కమలా కృతివాసన్. 1970లలో వాళ్లు తమిళనాట కోలాలనే ముగ్గుల ఆధారంగా బొమ్మలకొక వ్యాకరణం రాశారు, కంప్యూటర్ శాస్త్రంలో దానికి ఇప్పటికీ చోటుంది. వాకిట్లో ముగ్గేసే అమ్మ ఆ వ్యాకరణం చదవలేదని వేరే చెప్పక్కర్లేదు.

పుట్టమన్ను దేవత

బతుకమ్మ లోకానికంతా తెలుసు. అంతకు ముందు పెళ్లికాని ఆడపిల్లలు ఆడే బొడ్డెమ్మ అంత తెలియదు. పుట్టమన్ను తెచ్చి, తడిపి, పిసికి, మెట్లు మెట్లుగా పీటమీద నిలబెట్టి పూలతో అలంకరిస్తారు. రోజూ దాని చుట్టూ ఆడి, మహాలయ అమావాస్య దగ్గరికొచ్చేసరికి నీళ్లలో వదిలేస్తారు. ఆ వెంటనే బతుకమ్మ మొదలు. పాటలో ప్రతి చరణానికి చివర ‘ఉయ్యాలో’ వస్తుంది. గుంపంతా అది అందుకునే లోపు, ముందు పాడే ఆమెకు తర్వాతి మాట వెతుక్కునే వ్యవధి దొరుకుతుంది. అత్తింటి కష్టం, పుట్టింటి మీద బెంగ, పోయిన బిడ్డ, అన్నీ ఆ వ్యవధిలోంచే పాటలోకి వచ్చాయి. ఇంట్లో నోరెత్తలేని మాట పది మంది చప్పట్ల నడుమ బయటికి వస్తుంది, వదినగారు పక్కనే ఉన్నా ఏమీ అనలేదు.

చేసి, ఆడి, నీళ్లలో వదిలేయడం గమనించండి. దాచుకోవాల్సిన పని లేదు, పోటీకి పెట్టాల్సిన పని లేదు. (పోటీలు పెట్టి బహుమతులిచ్చే అలవాటు ఈమధ్య వచ్చింది. బతుకమ్మ ఎత్తు పెరిగింది, మిగతా సంగతి ఆడవాళ్లే చెప్పాలి.)

మట్టి పిసికితే ఏమవుతుంది?

అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంలో గిరిజా కైమల్ బృందం 39 మంది పెద్దవాళ్లకు మట్టి, రంగు పెన్నులు, అతికించే కాగితాలు ఇచ్చి 45 నిమిషాలు ఇష్టమొచ్చింది చేసుకోమంది. ముందూ తర్వాతా లాలాజలంలో కార్టిసాల్ కొలిచారు. ఒత్తిడిలో పెరిగే హార్మోన్ అది. దాదాపు 75 శాతం మందిలో తగ్గింది. 2016లో వచ్చిన ఈ ఫలితంలో నాకు నచ్చినది వేరే ఉంది: ఇంతకు ముందు బొమ్మలు వేసిన అనుభవం ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ తేడా రాలేదు. నాకు గీయడం రాదండీ అనేవాళ్లు ఆ సాకు వదులుకోవాలి. మిగిలిన పాతిక శాతం మందికి తగ్గలేదన్నదీ అంతే నిజం.

రాస్తే ముందు ఏడుపే

జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్ 1986లో అచ్చు వేసిన ప్రయోగంలో కాలేజీ విద్యార్థులు నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు రాశారు. కొందరు పైపై విషయాలు, కొందరు ఎవరికీ చెప్పుకోని గాయాలు. జరిగిందీ, దాని గురించి తమకు అనిపించిందీ రెండూ కలిపి రాసినవాళ్లు తర్వాతి నెలల్లో ఆరోగ్య కేంద్రానికి వెళ్లడం తగ్గింది. కానీ రాసిన ఆ రోజు మాత్రం వాళ్ల మనసు ఇంకా పాడైంది, రక్తపోటు కూడా పెరిగింది. పత్రికల్లో ‘రాయండి, తేలికపడండి’ అని వేసేటప్పుడు ఈ రెండో సగం ఎగరగొట్టేస్తారు. గాయం మరీ పచ్చిగా ఉంటే నోట్‌బుక్ ఒక్కటే చాలదు. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు. 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది.

మగ్గం ధ్యానమా?

అమరచింతలో మగ్గాలున్నాయి, గద్వాల చీరలు నేస్తారు. ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు, జరీ. నూలూ పట్టూ కలిసే చోట పోగుకు పోగు మెలేసి పట్టిస్తారు. చీర మొత్తం మడిచి అగ్గిపెట్టెలో పెట్టగలిగేంత పలచన అని చెప్పుకుంటారు. పడుగూ పేకా, నాడె అటూ ఇటూ పోవడం, కాళ్ల కింద తొక్కుడు పలకల లయ చూసి, నేత గొప్ప ధ్యానమని రాసే పట్నం వాళ్లు చాలామంది. గుంట మగ్గంలో పొద్దుగూకేదాకా కూర్చున్నవాళ్ల నడుమును అడగాలి ఆ మాట. డిజైన్ మాస్టర్ వీవర్‌ది, నూలు ఆయనదే, కూలి చీర లెక్కన. ఏ రంగు పక్కన ఏ రంగు పెట్టాలో తనే తేల్చుకునే నేతగాడికి దొరికే సుఖం వేరు, అట్టల మీద పొడిచిన డిజైన్‌ను తప్పకుండా నేయాల్సిన నేతగాడి అలసట వేరు. కళతో మేలని పైన చెప్పిన అధ్యయనాలేవీ కూలి కోసం నేసేవాళ్ల మీద జరిగినవి కావన్నది మరిచిపోకూడదు.

అయినా అదే మగ్గం మీద కూలి కోసం కాకుండా నేసే బట్ట ఒకటి ఉంటుంది. కార్తీకంలో కురుమూర్తి స్వామి బ్రహ్మోత్సవాలకు పట్టువస్త్రాలు అమరచింత పద్మశాలీల నుంచే వెళతాయి. ఆ స్వామి పాదుకలు చిన్నవడ్డెమాన్‌లో తయారవుతాయి. దీపావళి అమావాస్య నుంచి అక్కడి చర్మకార కుటుంబాలు ఉపవాసముండి నియమంతో కుడతాయి. వాటిని ఊరేగించి తెచ్చే ఉద్దాలోత్సవం నాడు పాదుకలను వీపుకు తాకించుకోవడానికి జనం విరగబడతారు. ఏడాదంతా మామూలు చెప్పులు కుట్టే చేతులే అవి.

మంచం మీది చిత్రకారుడు

1938లో ఏడ్రియన్ హిల్ అనే ఇంగ్లిష్ చిత్రకారుడికి క్షయ వచ్చింది. శానిటోరియంలో మంచం మీదే ఉండి పక్కనున్న వస్తువులు గీస్తూ కాలం గడిపాడు. తర్వాత తోటి రోగులకూ పెన్సిళ్లు పంచాడు. ఈ పద్ధతికి ఆర్ట్ థెరపీ అనే పేరు ఆయన పెట్టిందే. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 900కు పైగా ప్రచురణలను వడబోసి, కళలు ఆరోగ్యానికి తోడ్పడతాయని నివేదిక ఇచ్చింది.

ఎత్తిపొడుపూ సమస్యే

సురవరం ప్రతాపరెడ్డి బోరవెల్లిలో 1896లో పుట్టాడు, సొంత ఊరు ఇటిక్యాలపాడు. రెండూ ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లాలోవే. తెలంగాణలో కవులే లేరని ఎవరో రాసిన మాట ఆయనను పొడిచింది. వాదించి ఊరుకోలేదు. తన గోలకొండ పత్రిక ద్వారా కవులను పద్యాలు పంపమన్నాడు. 1934లో 354 మంది కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ వచ్చింది. పాలమూరు సంస్థానాల చుట్టూ బతికిన కవులు అందులో బోలెడుమంది. పరువు పోయిందన్న బాధకు ఇంతకంటే దిట్టమైన వైద్యం నాకు తెలియదు.

ఇంట్లో ఆడుకోవడానికి

ఛందస్సు అక్కర్లేదు, మామూలు వాక్యాలు చాలు.

దత్తపది: జూరాల, కరెంటు బిల్లు, తంగేడు, మిర్చి బజ్జీ. మీ నిన్నటి రోజు గురించి నాలుగు వాక్యాలు, ఒక్కోదానిలో ఒక్కో మాట.

నిషిద్ధం: మాట్లాడటం మానేసిన మనిషికి ఒక ఉత్తరం, ‘నేను’ అన్న మాట ఒక్కసారి కూడా రాకుండా. ఎంత కష్టమో మూడో వాక్యానికి తెలుస్తుంది, ఎదుటి మనిషి ఉత్తరంలోకి రావడం కూడా అక్కడే మొదలవుతుంది.

సమస్య: చివరి వాక్యం ‘అందుకే అన్నం మాడిపోయినందుకు ఎంతో సంతోషించాను.’ పై మూడూ మీవి.

అప్రస్తుత ప్రసంగం కోసం ప్రత్యేకంగా ఎవరినీ పిలవనక్కర్లేదు. పెన్ను పట్టుకుని కూర్చోగానే ఇంట్లోవాళ్లే మొదలుపెడతారు.