తాళం తప్పలేదమ్మా... వాళ్ళ నడకే వేరు!

మా అమ్మాయి పురిటికని సియాటిల్ వెళ్ళాను. మనవడికి మూడో నెల నడుస్తోంది. ఓ సాయంత్రం వాణ్ణి ఒళ్ళో వేసుకుని ఊపుతూ అమ్మాయి ఏదో పాట పెట్టింది. నేను బీరకాయలు చెక్కు తీస్తున్నాను. ఒకమ్మాయి గబగబా మాట్లాడేస్తోంది, ఇంకొకమ్మాయి వెనక నుంచి మెత్తగా రాగం తీస్తోంది. కుదురుగా విందామనుకునేలోపు అయిపోయింది!

"ఇదేం పాటే? పల్లవి లేదు, చరణం లేదు. తాళం కూడా తప్పినట్టుంది" అన్నాను.

అది నవ్వింది. "తప్పలేదమ్మా, వాళ్ళ నడకే అంత. వీళ్ళు ఈ ఊరి వాళ్ళే. మొత్తం 13 పాటలూ కలిపి అరగంట. పూర్తిగా విని అప్పుడు తిట్టు" అంది.

విన్నాను. ఆ వారంలో నాలుగుసార్లు విన్నాను. తిట్టడానికి మాత్రం నోరు రాలేదు!

ఎవరీ ఇద్దరు?

జంట పేరు దీశాటిస్‌ఫాక్షన్. ర్యాప్ చెప్పే ఆమె స్టాసియా ఐరన్స్, పాడే ఆమె క్యాథరిన్ హ్యారిస్ వైట్. ఇద్దరూ నల్లజాతి యువతులు. అప్పట్లో జీవితంలోనూ ఒకరికొకరు తోడు. ఆ సంగతి వాళ్ళు దాచుకోలేదు. మొదట్లో సొంతంగా రికార్డు చేసుకుని, తమ పాటల్ని తామే జనంలోకి పంపుకున్నారు. 2011లో షబాజ్ ప్యాలెసెస్ అనే సియాటిల్ బృందం 'బ్లాక్ అప్' ఆల్బమ్‌లో గొంతు కలిపారు. ఆ మరుసటి ఏడాది, 2012 మార్చి 27న, వాళ్ళ తొలి ఆల్బమ్ 'ఆ నాచురలీ' వచ్చింది. తెచ్చింది సబ్‌పాప్ కంపెనీ. 1989లో నిర్వాణా మొదటి ఆల్బమ్ తెచ్చింది ఈ కంపెనీయే. గిటార్ల హోరుకు పేరుపడ్డ చోట ఈ ఇద్దరి గొంతులూ వినబడ్డాయన్నమాట.

చెల్లెలి పేరు ఎవరికి తెలుసు?

ర్యాప్ అంటే కొత్తవాళ్ళకి ఎలా చెప్పను? బుర్రకథలో కథకుడు మాటల్ని దరువు మీద పరుగెత్తిస్తాడు చూడండి, దానికి దూరపు చుట్టం అనుకోండి. ఈ చుట్టరికం నేను కలిపిందే లెండి!

ఈ ర్యాప్ పుట్టిన హిప్ హాప్ కథలో మొదటి పేజీ ఒక ఆడపిల్లదే. 1973 ఆగస్టు 11న న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయి, బడికి కొత్త బట్టలు కొనుక్కోవాలని, తాముండే భవనంలో టిక్కెట్టు పెట్టి పార్టీ చేసింది. రికార్డులు వేసింది వాళ్ళన్నయ్య కూల్ హెర్క్. హిప్ హాప్ ఆ రాత్రే పుట్టిందంటారు. అన్నయ్య పేరు చరిత్రకెక్కింది. చెల్లెలి పేరు ఎంతమందికి తెలుసు చెప్పండి!

తర్వాత తర్వాత ఎన్నో ర్యాప్ పాటల్లో ఆడది తిట్టుగానో, అలంకారంగానో మిగిలిపోయింది. 'ఆడకుక్క' అనే అర్థం వచ్చే ఆ తిట్టునే తీసుకుని ఈ ఇద్దరూ ఒక పాటకి పేరు పెట్టేశారు. ఇంకో పాట పేరు 'క్వీన్స్'... అంటే రాణులు. దాని వీడియో తీసింది కూడా ఒక స్త్రీయే, డ్రీమ్ హ్యాంప్టన్. ఇంట్లో ఆడవాళ్ళంతా చేరి తమ సరదా కోసం తాము ఆడతారు. మధ్యలో నిలబడి చూపించుకునే హీరో ఎవడూ లేడు!

మరో పాట 'ఎర్త్‌సీడ్'. అంటే భూమి విత్తనం. సియాటిల్ దగ్గర చివరి ఏళ్ళు గడిపిన రచయిత్రి ఆక్టేవియా బట్లర్ 1993 నాటి నవలలో ఒక ఆడపిల్ల తనకంటూ కొత్త మతం అల్లుకుంటుంది. దాని పేరే ఇది. ఇంత పెద్ద సంగతుల్ని రెండు మూడు నిమిషాల పాటల్లో చెప్పేస్తారు. చెప్పాల్సింది అయిపోగానే పాట ఆగిపోతుంది. అదే వాళ్ళ ప్రయోగం. నేను తాళం తప్పిందనుకున్నదీ అక్కడే.

నన్ను నిలదీసిన మాట

"నీకు వీళ్ళంటే ఎందుకే అంత ఇష్టం?" అని అడిగాను ఒకరోజు.

"వాళ్ళు ఎవర్నీ అడగలేదమ్మా. నేను అడిగాను" అంది, పిల్లాడి వైపు చూస్తూ.

నా చేతిలో కత్తిపీట ఆగిపోయింది. మా అమ్మాయి ఏడేళ్ళు గాత్రం నేర్చుకుంది. పదో తరగతి కాగానే నేనే మానిపించాను. "ఒక్క గంటైనా వెళ్తానమ్మా" అంటే "ఎంసెట్ అయ్యాక చూద్దాం" అన్నాను. ఎంసెట్ అయింది, ఇంజినీరింగ్ అయింది, ఉద్యోగం, పెళ్ళి... ఆ 'చూద్దాం' మాత్రం రాలేదు. దాని మంచికే కదా అనుకున్నాను. ఈ రోజు దాని ఉద్యోగం చూసి గర్వపడతాను కూడా. కానీ వారానికి ఒక్క గంట సంగీతం ఉంటే ర్యాంకు పోయేదా? ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.

ఆ ఇద్దరూ 2015లో రెండో ఆల్బమ్ తెచ్చి, 2016లో జంటగా పాడటం ఆపేశారు. అయితే ఏం? ఆ అరగంట వాళ్ళది. ఎవరూ తీసుకోలేరు.

నేను తిరిగొచ్చే ముందు రోజు రాత్రి పిల్లాడు ఒకటే ఏడుపు. అమ్మాయి ఊపుతూ ఊపుతూ మోహన వర్ణం అందుకుంది. సగంలో మర్చిపోయింది. నేను అందిద్దామని నోరు తెరిచేలోపు, తనకు తోచిన స్వరాలేవో కలుపుకుంటూ వెళ్ళిపోయింది. ఈసారి తాళం గురించి నేనేమీ అనలేదు.

మీ ఇంట్లోనూ పరీక్షల పేరుతో అటకెక్కిన శ్రుతిపెట్టె ఉందా? పిల్ల అడిగేదాకా ఆగకండి. ఈ ఆదివారమే దింపి, దుమ్ము దులపండి!