బొమ్మ అచ్చయింది, అసలేదీ?

నవ్వుల పత్రికలు దాచుకునేవారు మనలో చాలామందే. ఆ నవ్వు పుట్టిన కాగితాన్ని దాచుకున్నవారే అరుదు. బ్లాకుల కాలంలో, అచ్చులో అరచేయంత కనిపించే వ్యంగ్యచిత్రాన్ని చిత్రకారుడు సాధారణంగా అంతకంటే పెద్దదిగా ఇండియన్ ఇంకుతో గీసేవాడు. చెయ్యి తప్పినచోట తెల్లరంగు పూసేవాడు. లేత నీలిపెన్సిలు గీతలు కెమేరా కంటికి ఆనవు గనుక వాటిని చెరిపేవాడే కాదు. ఈ ముచ్చటంతా అసలు బొమ్మలోనే సుమండీ! బ్లాకు తయారైతే దాని పని తీరినట్టే. ఏ బీరువాలోనో కొన్నాళ్ళుండి తూకానికి పోయినవెన్నో.

అమెరికాలో 1952లో పుట్టిన ‘మాడ్’ హాస్యపత్రిక అధిపతి విలియం గెయిన్స్ అసలు బొమ్మల్ని భద్రంగా దాచాడు. తరువాత అవి వేలానికి ఎక్కాయి. మనవారి సంగతో? తలిశెట్టి రామారావుగారు పుట్టిన మే 20ని తెలుగు కార్టూనిస్టుల దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆయన గీత నాకు దొరికింది మాత్రం అచ్చులోనే.

జన్వాడ నుంచి బస్సెక్కి ఆదివారాలు ఆబిడ్స్ పేవుమెంటు పుస్తకాలకు పోవడం నాకో వ్యసనం. ఒకనాడు పాత వారపత్రికల కట్టలోంచి దళసరి అట్ట జారిపడింది: అత్తాకోడళ్ళ బొమ్మ. వెనుక ఎర్రసిరాతో ‘3 అంగుళాలు’. ఇరవై రూపాయలిచ్చి తెచ్చుకున్నాను. సంతకమున్న మూలను చెదలు తినేశాయి.

“ఎవరు గీశారండీ?” అంది మా ఆవిడ.

ఇంకా వెతుకుతూనే ఉన్నాను. అత్తగారి ముక్కును మాత్రం మూడుసార్లు తెల్లరంగు పూసి దిద్దాడు, మహానుభావుడు!