ఈసా ప్రవక్త జననం – పిల్లలకు ఏమని చెబుదాం?

డిసెంబరు వచ్చిందంటే మిషన్ స్కూళ్లలో చదివే మన పిల్లలు ఒక ప్రశ్నను ఇంటికి మోసుకొస్తారు. బడిలో పశువుల పాక కడతారు. తొట్టిలో గడ్డి పరిచి పసిబిడ్డ బొమ్మను పడుకోబెడతారు, పైన కాగితపు నక్షత్రం వేలాడదీస్తారు. అది చూసివచ్చిన పిల్లవాడు, "అమ్మీ! వాళ్ల యేసు, మన ఈసా ఒక్కరేనా?" అంటాడు. "అవన్నీ మనకెందుకు, పోయి చదువుకో" అని కసిరే ఇళ్లు మనలో తక్కువేమీ కాదు. మేమూ ఒకప్పుడు అలాగే కసిరాం. పిల్లవాడు నోరు మూసుకున్నాడు గాని, ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోయింది.

నిజానికి జవాబు మన గ్రంథంలోనే ఉంది. దివ్య ఖుర్ఆన్‌లో పేరుతో ప్రస్తావనకు వచ్చిన ఏకైక స్త్రీ హజ్రత్ మర్యమ్. 98 ఆయతులున్న 19వ సూరాకు ఆమె పేరే పెట్టారు. దైవదూత వచ్చి శుభవార్త చెప్పడం, ఏ పురుషుడూ తాకని తనకు బిడ్డ ఎలాగని ఆమె విస్తుపోవడం, పురిటి నొప్పులు ఖర్జూరపు మొదలు దగ్గరికి తరమడం, ఒంటరితనంలో తాను ముందే చనిపోయి ఉంటే బాగుండేదని వాపోవడం, కాళ్ల దగ్గర నీటి ఊట, చెట్టు కదిపితే రాలిన పండ్లు – ఇవన్నీ అందులో ఉన్నాయి. బిడ్డను ఎత్తుకొని వచ్చిన తల్లిని జనం నిలదీస్తే, ఒడిలోని పసికందే తాను అల్లాహ్ దాసుడినని, ప్రవక్తనని పలికాడు. ఇంత చక్కటి కథను మన పిల్లలకు మనం కాక ఎవరు చెప్పాలి?

ఆ తర్వాత క్రైస్తవుల విశ్వాసాన్నీ వాళ్లు చెప్పుకునే విధంగానే చెప్పాలి. లూకా సువార్తలో బేత్లెహేము, పశువుల తొట్టి, గొర్రెల కాపరులు ఉన్నారు. నక్షత్రం, తూర్పు దేశపు జ్ఞానులు మత్తయి సువార్తలో వస్తారు. డిసెంబరు 25 అనే తేదీ మాత్రం సువార్తల్లో లేదు. అది తర్వాత ఏర్పడిన ఆచారం. కన్య గర్భాన జననం ఉభయులూ నమ్మేదే. ఆయనను దేవుని కుమారునిగా, మానవుడై వచ్చిన దైవంగా వాళ్లు విశ్వసిస్తారు. మనం ప్రవక్తగా విశ్వసిస్తాం. తండ్రి లేకుండా పుట్టడం దైవత్వానికి రుజువు కాదనడానికి, తల్లీ తండ్రీ ఇద్దరూ లేని ఆదమ్ (అలైహిస్సలామ్)ను ఖుర్ఆన్ ఉదహరిస్తుంది. పిల్లలకు ఇది ఇట్టే అర్థమవుతుంది.

తేడా చెబితే స్నేహాలు చెడతాయేమోనని కొందరి భయం. క్రీ.శ. 615 ప్రాంతంలో మక్కా హింసకు తాళలేక ముస్లిములు క్రైస్తవ రాజు నజాషీ ఏలుబడిలోని అబిసీనియాలో తలదాచుకున్నారు. దర్బారులో హజ్రత్ జాఫర్ (రజి) మర్యమ్ సూరా వినిపిస్తే రాజు కన్నీళ్లు పెట్టుకున్నాడని చరిత్రకారులు రాశారు. మర్నాడు మక్కా దూతలు, ఈసా గురించి వీళ్లేమంటారో అడగండని రాజును ఎగదోశారు. జవాబు వికటిస్తే తలదాచుకునే చోటే పోతుంది. అయినా జాఫర్ దాచలేదు, ఎదుటివారి మతాన్ని ఎగతాళి చేయలేదు. ఈసా అల్లాహ్ దాసుడు, ప్రవక్త, కన్య మర్యమ్‌కు అందిన దైవవాక్కు అని ఉన్నదున్నట్టు చెప్పారు. రాజు వాళ్లను వెళ్లగొట్టలేదు.

ఇక బడి నాటకంలో వేషమిస్తే ఏం చేయాలంటారా? ప్రవక్తల వేషం వేయడం మనకు సమ్మతం కాదని టీచరుగారితో మర్యాదగా ఒక్కమాట చెబితే సరిపోతుంది. తెర లాగే పనో, కుర్చీలు సర్దే పనో పిల్లవాడికి ఎలాగూ దొరుకుతుంది.