బ్రోకర్ లేకుండా ఇల్లు అమ్మేద్దామా?

అరవై లక్షల ఫ్లాట్. బ్రోకర్‌కి ఒక శాతం అంటే అరవై వేలు. రెండు శాతం అడిగితే లక్షా ఇరవై వేలు. కూకట్‌పల్లిలో అమ్మ పేరు మీదున్న మా టూ బీహెచ్‌కే అమ్మాలనుకున్నప్పుడు ఇంట్లో ముందు వేసుకున్న లెక్క ఇదే. మాది లిఫ్ట్ లేని మూడో అంతస్తు. అమ్మ మోకాళ్లు ఇక ఆ మెట్లు ఎక్కలేమని తేల్చేశాయి. ఈ డబ్బుతోనే ఖమ్మంలో కింది అంతస్తులో ఇల్లు కొనాలి. కాబట్టి లక్ష అంటే మాకు చిన్న మాట కాదు.

బ్రోకర్‌ని వద్దనుకుంటే కమీషన్ మిగులుతుంది. కానీ ఆయన పనులన్నీ మన నెత్తిన పడతాయి. ఫోన్లు ఎత్తడం, తలుపు తీసి చూపించడం వాటిలో తేలికైనవి. కష్టమైంది నమ్మకం. మధ్యలో మనిషి లేనప్పుడు, ముక్కూమొహం తెలియని మనల్ని కొనేవాళ్లు ఎందుకు నమ్మాలి? ఇల్లు సిద్ధం చేయడమంటే నిజానికి ఈ ప్రశ్నకు జవాబు సిద్ధం చేయడమే.

ముందు రేటు, తర్వాతే ఫొటోలు

నోబ్రోకర్, మ్యాజిక్‌బ్రిక్స్, 99 ఏకర్స్ లాంటి యాప్‌లలో కనిపించేది ఓనర్లు అడుగుతున్న రేటు. ఎంతకి అమ్ముడైందో అది చెప్పదు. అందుకే మా బిల్డింగ్‌లో, పక్క వీధిలో ఈ మధ్య ఫ్లాట్లు అమ్మినవాళ్లని అడిగాం. లిఫ్ట్ లేనందుకు తగ్గించుకున్నాం, తూర్పు గుమ్మానికి కాస్త కలుపుకున్నాం. ‘ఇంతకన్నా దిగేది లేదు’ అనే అంకె ముగ్గురం కూర్చుని రాసుకున్నాం. బేరం నాన్న ఒక్కరే మాట్లాడాలనీ అనుకున్నాం. ఇంట్లో ముగ్గురు మూడు రేట్లు చెబితే కొనేవాళ్లు తక్కువదే పట్టుకుంటారు.

యాడ్‌లో సూపర్ బిల్టప్ ఏరియా ఒక్కటే వేసి వదిలేయకండి. కార్పెట్ ఏరియా కూడా రాయండి. ఎన్నో అంతస్తు, లిఫ్ట్ ఉందా లేదా, కారు పార్కింగ్, మంజీరా నీళ్లా బోరా, నెలకి మెయింటెనెన్స్ ఎంత... అన్నీ ఉండాలి. మేం మొదటి లైన్‌లోనే ‘లిఫ్ట్ లేదు’ అని పెట్టాం. ఫోన్లు తగ్గాయి. కానీ వచ్చినవాళ్లెవరూ మెట్ల దగ్గర నిలబడి వెనక్కి పోలేదు.

ఫొటోలు పగటి వెలుతురులో, ఫోన్ అడ్డంగా, ఛాతీ ఎత్తులో పట్టుకుని గది మూల నుంచి తీయండి. అల్ట్రా వైడ్‌లో తీస్తే బెడ్‌రూమ్ హాల్‌లా కనిపిస్తుంది. తీరా వచ్చి చూసినవాళ్ల మొహం అక్కడే వాడిపోతుంది.

సగం సామాను సర్దేయండి

ఇల్లు అమ్మాలంటే ముందు అది ఖాళీగా ఊపిరి పీల్చుకోవాలి. బాల్కనీలో పాత కూలర్, మంచం కింద ట్రంకు పెట్టెలు, అటక మీద అట్టపెట్టెలు తీసేశాం. ఆ తర్వాత చవకైన పనులు పట్టుకున్నాం: కారుతున్న కుళాయికి వాషర్, కిర్రుమనే తలుపుకి నూనె, స్విచ్ బోర్డుల చుట్టూ చేతి మరకలు, బాత్రూమ్ వాసన. కొనేవాళ్లు మాట్లాడేది వాస్తు గురించే అయినా, చెయ్యి మాత్రం కుళాయి మీదకే వెళ్తుంది. మాడ్యులర్ కిచెన్ లాంటి పెద్ద ఖర్చుల జోలికి పోలేదు. మన టేస్టు కొనేవాళ్లకి నచ్చాలని లేదు కదా!

ఇల్లు చూపించడానికి ఆదివారం పొద్దున పది గంటలు మంచి టైమ్. ఎండ హాల్లోకి వస్తుంది, అందరికీ సెలవు.

గోడ మీద మచ్చ

మా ఇంట్లో పెద్ద గొడవ బెడ్‌రూమ్ గోడ దగ్గర వచ్చింది. పైఫ్లాట్ బాత్రూమ్ నుంచి తేమ దిగి పళ్లెమంత మచ్చ పడింది. “పుట్టీ పెట్టి రెండు కోటింగ్‌లు కొట్టిస్తే ఎవరికి కనిపిస్తుందిరా?” అన్నారు నాన్న. “రెండు వానలు పడితే మళ్లీ వస్తుంది నాన్నా. అప్పుడు వాళ్లు ఫోన్ చేసేది మనకే” అన్నాను. బ్రోకర్ ఉంటే ఆయన మీదకి తోసేయొచ్చు. ఇక్కడ మాటిచ్చింది మనమే.

చట్టం కూడా ఇదే చెబుతోంది. ఆస్తి బదిలీ చట్టం 1882, సెక్షన్ 55 ప్రకారం అమ్మేవాళ్లకి తెలిసి, మామూలుగా చూస్తే కొనేవాళ్లకి దొరకని ముఖ్యమైన లోపాన్ని ముందే చెప్పాలి. పైఫ్లాట్ అంకుల్‌తో మాట్లాడి వాళ్ల బాత్రూమ్ టైల్స్ సందులు గ్రౌటింగ్ చేయించాం. గోడ ఆరాకే పెయింట్ వేయించాం. పాత మచ్చ ఫొటో, రిపేర్ బిల్లు ఫైల్‌లో పెట్టాం. ఆ రెండింటినీ వచ్చినవాళ్లకి నాన్నే స్వయంగా చూపించారు.

ఫైల్ రెడీగా ఉందా?

సేల్ డీడ్, లింక్ డాక్యుమెంట్లు, ఈసీ, అప్రూవ్డ్ ప్లాన్, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, ఆస్తి పన్ను రసీదు, కరెంటు బిల్లు, అసోసియేషన్ నుంచి బకాయిల్లేవన్న లెటర్... ఇవన్నీ ఒకే ఫైల్‌లో ఉండాలి. తెలంగాణ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో 1983 నుంచి ఈసీ వెతుక్కోవచ్చు. అందులో అమ్మ పేరు, విస్తీర్ణం, హద్దులు డీడ్‌తో సరిపోయాయా అని మేమే ముందు చూసుకున్నాం.

లోన్ తీరిపోతే ఒరిజినల్స్ బ్యాంకు దగ్గరే వదిలేయకండి. బాకీ మొత్తం కట్టిన 30 రోజుల్లో పత్రాలు తిరిగివ్వాలని, బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకి రూ. 5,000 పరిహారం ఇవ్వాలని ఆర్‌బీఐ నిబంధన ఉంది. ఇది 2023 డిసెంబర్ 1 నుంచి అమల్లో ఉంది.

ఒరిజినల్స్ ఇంట్లోనే చూపించండి. జిరాక్స్‌ల మీద ‘పరిశీలనకు మాత్రమే’ అని అడ్డంగా రాసివ్వండి. డీడ్ ఫొటోలు అడిగిన ప్రతి నంబర్‌కీ వాట్సాప్ చేయొద్దు. ఇల్లు చూడకుండానే ‘టోకెన్ పంపిస్తా, ఈ క్యూఆర్ స్కాన్ చేయండి’ అనేవాళ్లూ తగులుతారు. యూపీఐలో డబ్బు రావడానికి స్కాన్, పిన్ అక్కర్లేదు. అక్కడే కట్ చేసేయండి.

అడ్వాన్స్ దగ్గర తొందరొద్దు

నాలుగో ఆదివారం వచ్చిన జంట గోడని తట్టి చూశారు, బిల్లు చదివారు, వారంలో లాయర్‌తో పేపర్లు చూపించుకున్నారు. అడిగిన దానికి లక్షన్నర తగ్గించాం. ఒక కారణం ఉంది. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం. అరవై లక్షల మీద నాలుగున్నర లక్షలు. అది మామూలుగా కొనేవాళ్లే కడతారు. వాళ్ల జేబు కూడా మనకి తెలిసుండాలి.

అగ్రిమెంట్‌లో అడ్వాన్స్ ఎంత, మిగతా ఎప్పుడు, వాళ్లకి హోమ్ లోన్ రాకపోతే ఏంటి... మూడూ రాసుకోండి. ‘కొంత క్యాష్ ఇస్తాం’ అంటే ఒప్పుకోవద్దు. స్థిరాస్తి అమ్మకానికి రూ. 20,000, ఆపైన నగదు తీసుకోకూడదు. తీసుకుంటే అంతే మొత్తం పెనాల్టీ పడొచ్చు. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే కొనేవాళ్లు ఒక శాతం టీడీఎస్ పట్టుకుని మన పాన్ మీద కట్టాలి. రెండేళ్లకి మించి మన దగ్గరున్న ఇంటి మీద వచ్చిన లాభంతో రెండేళ్లలోపు ఇంకో ఇల్లు కొంటే పన్ను మినహాయింపు ఉంది. ఖమ్మం ఇంటికి మాకు అదే పనికొచ్చింది. వివరాలు ఆడిటర్‌ని అడగండి.

అందరికీ బ్రోకర్ అక్కర్లేదని నేను అనను. ఓనర్ విదేశాల్లో ఉన్నా, ఇల్లు చూపించడానికి ఇక్కడెవరూ లేకపోయినా ఆ కమీషన్ దండగేం కాదు. వాటాల గొడవ ఉంటే మాత్రం ముందు లాయర్ దగ్గరకే వెళ్లాలి. ఈ ఇబ్బందుల్లేకుండా, నాలుగు ఆదివారాలు కేటాయించగలిగితే మీరే అమ్ముకోవచ్చు.

తాళాలు ఇచ్చిన రోజు అమ్మ వాళ్లకి ఓ కాగితం ఇచ్చింది. ప్లంబర్ నంబర్, నీళ్లు వదిలే టైమ్, పైఫ్లాట్ అంకుల్ నంబర్ అన్నీ అందులో ఉన్నాయి. ఏ యాప్‌లోనూ అడగని కాలమ్ అది. మీరు అమ్మేటప్పుడు మర్చిపోకండి.