మీకు తెలుసా? మెదడువాపులో కాపలా కణాలే కాటేస్తాయి

కేసీ కాలువ నీరు పారే నంద్యాల, ఆళ్లగడ్డ వరిమళ్లలో క్యూలెక్స్ దోమ గుడ్లు పెడుతుంది. జపనీస్ మెదడువాపు వైరస్‌ను మోసుకొచ్చేది ఈ దోమే. వైరస్ పెరిగేది మాత్రం పందుల్లో, కొంగల్లో. ఉమ్మడి కర్నూలు జిల్లాలో పరిశోధకులు ఈ దోమలపై ఏళ్ల తరబడి నిఘా పెట్టింది అందుకే.

వైరస్ మెదడులోకి చేరితే ముందుగా నాడీకణాల్లోనే దూరుతుంది, ముఖ్యంగా లోతున ఉండే థాలమస్‌లో. సోకిన కణం తనను తానే చంపుకొనే ఏర్పాటు మొదలుపెడుతుంది. అసలు దారుణం ఆ తర్వాతే. మెదడుకు కాపలాగా ఉండే మైక్రోగ్లియా కణాలు రెచ్చిపోయి, టీఎన్ఎఫ్-ఆల్ఫా వంటి వాపు రసాయనాలను గుమ్మరిస్తాయి. వైరస్ సోకని పక్క నాడీకణాలూ వాటికి బలవుతాయి. చనిపోయిన నాడీకణాల స్థానంలో కొత్తవి దాదాపు పుట్టవు. బతికి బయటపడిన పిల్లల్లో చాలామందికి మూర్ఛలు, చేతులు కాళ్లు వణకడం, చదువులో వెనకబాటు మిగిలిపోయేది ఇందువల్లే.

వైరస్‌ను చంపే మందు లేదు. టీకా ఉంది!

హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ 2013లో తెచ్చిన జెన్‌వాక్ టీకాకు వాడిన వైరస్ పొరుగు రాష్ట్రంలోని కోలార్‌లో దొరికింది.