ఓక్ ట్రీ రోడ్డులో ఉక్కపోత, దానికి తగ్గ సోకు

అమెరికాలో పిల్లల్ని చూడ్డానికి బయల్దేరే అమ్మానాన్నల పెట్టెల్లో ఆవకాయ, కందిపొడి, సున్నుండల పక్కన రెండు స్వెట్టర్లు, ఓ మంకీ క్యాపు తప్పకుండా ఉంటాయి. అమెరికా అంటే చలి అని మన ఇళ్లలో నాటుకుపోయింది మరి. జూలైలో న్యూజెర్సీలోని న్యూఆర్క్ విమానాశ్రయం బయట కారు కోసం పది నిమిషాలు నిలబడితే చాలు, మిట్టమధ్యాహ్నం విజయవాడ బస్టాండులో ఉన్నట్టుంటుంది. 2011 జూలై 22న అక్కడ 42 డిగ్రీలు నమోదైంది. అది రికార్డు అనుకోండి. మామూలుగా ఆ నెలలో పగటి వేడి 30 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది. మనకదో లెక్కా అనిపిస్తుంది. కానీ ఉడకబెట్టేది ఎండ కాదు, తేమ. వేసవిలో అట్లాంటిక్ మీద బెర్ముడా వైపు తిష్ఠవేసే అధిక పీడనం దక్షిణాది సముద్రాల తేమగాలిని అమెరికా తూర్పు తీరానికి తోస్తుంది. చెమట పడుతుంది గానీ ఆరదు.

ఇంత ఉక్కలోనూ శని, ఆదివారాల్లో మనవాళ్లు కిటకిటలాడే చోటు ఐసెలిన్. న్యూజెర్సీలోని వుడ్‌బ్రిడ్జ్ టౌన్‌షిప్‌లో ఓ భాగం. ఇక్కణ్నుంచి పక్క ఊరు ఎడిసన్‌లోకి సాగే ఓక్ ట్రీ రోడ్డుకి రెండు పక్కలా చీరల కొట్లు, నగల దుకాణాలు, మిఠాయిలు, చాట్, కనుబొమలు దిద్దే పార్లర్లు. తనిష్క్ అమెరికాలో తన మొదటి షోరూమ్‌ని 2023 జనవరిలో తెరిచింది ఈ రోడ్డు మీదే. కారు ఆపుకోవడానికి చోటు దొరకడం గగనం కాబట్టి, ఎక్కడో ఆపి నడవాల్సిందే. అంటే బజారంతా తిరిగేసరికి ఒంటి మీద బట్ట సంగతేమిటో తేలిపోతుంది.

ఆ రోడ్డు మీద కాసేపు నిలబడి చూడండి. ఓ కొట్లోంచి అత్తాకోడళ్లు బయటికొస్తారు. గుమ్మం దాటగానే అత్తగారి కళ్లద్దాల మీద తెల్లగా ఆవిరి కమ్మేస్తుంది. లోపల ఏసీకి చల్లబడ్డ అద్దాల మీద బయటి తేమ పేరుకోవడమే అది. ఆవిడ గద్వాల చీర కొంగుతో అద్దాలు తుడుచుకుంటూ, “ఆ జీన్సులో ఎలా ఉంటున్నావే తల్లీ!” అంటుంది. కోడలు చేతిలో సంచులు మార్చుకుంటూ, “ఉడికిపోతున్నా అత్తయ్యా. మీరే హాయిగా ఉన్నారు” అంటుంది. అమెరికా కదా అని జీన్సు తొడుక్కున్నావిడకి ఉడుకు, ఇంట్లో కట్టుకునేదే కట్టుకొచ్చినావిడకి హాయి. పైగా ఇద్దరిలో ఎవరు బాగున్నారంటే, నా ఓటు గద్వాలకే.

ఇందులో అభిమానం ఎంతుందో, లెక్కా అంతే ఉంది. నూలు బట్ట తన బరువులో ఏడెనిమిది శాతం తేమని పీల్చుకున్నా ఒంటికి తడి అనిపించదు. పాలిస్టరు అర శాతం కూడా పీల్చదు. అందుకే ముడతలు పడవని ప్రయాణానికి సర్దుకునే పాలిస్టరు జార్జెట్టు, క్రేపు రకాలు ఇక్కడ ఒంటికి అతుక్కుపోతాయి. జీన్సు కూడా నూలే కదా అనొచ్చు. నూలే, కానీ మందం. ఒకసారి తడిస్తే ఆరదు, ఆ తడితో ఏసీ కొట్లోకి వెళ్తే వణుకు. కావలసింది పల్చటి నేత. ఒళ్లంతా సాదాగా, అంచుకి నిజాం బోర్డరుతో ఉండే మంగళగిరి అలాంటిదే. మగవాళ్లయితే టెర్రీకాటన్ ప్యాంట్లు ఇంట్లో వదిలేసి, పొందూరు ఖద్దరుతో వదులుగా కుట్టించిన పొట్టిచేతుల చొక్కా తెచ్చుకోవాలి. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని శుభ్రం చేసి వడికిన నూలది. ఏ మాల్‌లోనూ దొరకని డిజైనర్ చొక్కా అదే కదా! కాస్త ఘనంగా కనబడాలంటే గద్వాల ఎటూ ఉంది: ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు.

బజారొక్కటే కాదు, ఊరూ చూడాలిగా. ఐసెలిన్‌లోని మెట్రోపార్క్ స్టేషన్లో రైలెక్కితే ముప్పావు గంటకి అటూ ఇటూగా న్యూయార్క్. పెట్టెలో చలి. పెన్ స్టేషన్లో దిగితే భూగర్భ ప్లాట్‌ఫారం మీద ఉడుకు. ఆ తేమ బాధ నుంచే అసలు ఏసీ పుట్టింది. 1902లో బ్రూక్లిన్‌లోని ఓ అచ్చాఫీసులో గాలిలో తేమకి కాగితం సాగి రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడకపోతే, విల్లిస్ క్యారియర్ అనే కుర్ర ఇంజనీరు ఆ తేమని అదుపు చేసే యంత్రం గీశాడు. ఇప్పుడు ఆ యంత్రాన్ని తట్టుకోవడానికే మనకో చున్నీ కావాల్సొస్తోంది. పల్చటి పోచంపల్లి చున్నీ ఒకటి సంచిలో పడేసుకుంటే రైల్లో భుజాల మీదికి, ఎండలో నెత్తి మీదికి పనికొస్తుంది. న్యూజెర్సీలోనే రాబిన్స్‌విల్‌లో 2023 అక్టోబరులో ప్రారంభమైన అక్షర్‌ధామ్ గుడికి వెళ్తే భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలన్న నియమానికి చీర, పొడవాటి కుర్తా ఎలాగూ సరిపోతాయి. నిక్కర్లేసుకున్న కుర్రాళ్లకే తిప్పలు.

చెప్పుల దగ్గర మాత్రం సంప్రదాయాన్ని పట్టుకు వేలాడకండి. సాయంత్రాలు ఉరుములతో వాన దంచితే తోలు చెప్పులు నానిపోతాయి. తెల్లటి స్నీకర్లేసుకుని చీర ఓ అంగుళం ఎత్తి కట్టుకోండి. ఓక్ ట్రీ రోడ్డులో ఎవరూ వింతగా చూడరు.

ఇక కొనుగోళ్లు. న్యూజెర్సీలో బట్టలకీ చెప్పులకీ అమ్మకం పన్ను లేదు. నగలకీ హ్యాండ్‌బ్యాగులకీ 6.625 శాతం పడుతుంది. న్యూయార్క్ నగరంలో 110 డాలర్ల లోపు బట్టకే ఆ మినహాయింపు. కాబట్టి ఖరీదైన కోటు మీద కన్నుపడితే ఇటు తిరిగొచ్చి కొనుక్కోండి. అయితే ఆదివారం పెద్ద మాల్ అని పరామస్ దాకా కారేసుకుని వెళ్లకండి. పరామస్ ఉన్న బెర్గెన్ కౌంటీలో ఆదివారం బట్టలమ్మడం మీద పాతకాలపు నిషేధం ఉంది.

ఓక్ ట్రీ రోడ్డు అద్దాల వెనక వేలాడేవి మాత్రం ఎక్కువగా పట్టుచీరలు, బరువైన లెహంగాలే. శ్రావణ శుక్రవారాలొచ్చేది సరిగ్గా ఈ ఉక్కలోనే కదా. పేరంటం ఏసీ హాల్లో కాబట్టి పట్టు కొనండి, కట్టండి, తప్పులేదు. కట్టుకుని బజారుకి మాత్రం రాకండి, చంకల కింద చెమట మరక పడితే పోదు. నూలు చీరని రాత్రి తడిపి, నీడన దండెం మీద ఆరేయండి. చాలా అపార్టుమెంట్లలో బాల్కనీలో ఆరేయనివ్వరు, స్నానాలగదిలో కర్ర ఉంటుంది. పిల్లలు సాయం చేద్దామని డ్రైయర్‌లో వేయబోతే చేయి పట్టుకుని ఆపండి. అందులోంచి మంగళగిరి కురచైపోయి బయటికొస్తుంది.